వంగ నవల, తెలుగు పాఠకుడు – ఒక ప్రతీత్యుపాయ విచారణ

తెలుగు సభలలో శరత్‌బాబు ప్రసక్తి వచ్చినప్పుడల్లా ఒక మాట తప్పక వినిపిస్తుంది. ‘ఆయన వంగీయుడని మాకు ఎన్నడూ తోచలేదు, మన పక్కయింటి కథ చెప్పినట్లే ఉన్నది’ అని. వక్తలు అంటారు, పీఠికాకర్తలు అంటారు, సిద్ధాంతవ్యాసాల ఉపసంహారాలలోనూ ఈ వాక్యమే వేషం మార్చుకొని ప్రత్యక్షమవుతుంది. ఇందులో ప్రేమ ఉన్నది, సందేహం లేదు. కాని ఇది నిజంగా ఆ రచనకు చెందిన ప్రశంసయా, లేక మన పఠనంలోని ఒక లోపానికి మనం పెట్టుకొన్న ముద్దుపేరా అన్నది విచారింపవలసి ఉన్నది. నా మొగ్గు రెండవ పక్షం వైపే. ఆ మొగ్గుకు కారణాలు విజ్ఞుల ముందుంచటమే ఈ వ్యాసం ఉద్దేశం.

పాఠశాలలో తర్కం చదువుకొన్నవారికి వంగదేశం కొత్తది కాదు. రఘునాథ శిరోమణి దీధితి, జగదీశ తర్కాలంకారుని జాగదీశి, గదాధర భట్టాచార్యుని గాదాధరి నవద్వీప సంప్రదాయంలో పుట్టిన గ్రంథాలు. గోదావరీ కృష్ణా తీరాలలో వాటిని పంక్తిపంక్తిగా చింతన చేసిన విద్యార్థులు గదాధరుడు ఇంట్లో ఏ భాష మాట్లాడేవాడో, భోజనంలో చేప ఉండేదో లేదో ఎన్నడూ అడగలేదు. అడగవలసిన పనీ లేదు. హేత్వాభాసకు ఊరు లేదు. శాస్త్రానికి దేశం కేవలం ఆగంతుకం. నవల సంగతి అట్టిది కాదు. వంటిల్లు, పిలుపు, పంపకం, పలకరింపు – నవలకు ఇవే శరీరం. గదాధరుణ్ణి చదివిన తీరుననే మనం శరత్తును చదివినామనీ, అక్కడ గుణమైనది ఇక్కడ దోషమైనదనీ నా అభియోగం.

ఆ చదువు ఎట్లా మొదలైనదో కొంచెం గుర్తుచేసుకోవాలి. బంకించంద్రుని దుర్గేశనందిని 1865లో, ఆనందమఠం 1882లో వెలువడినవి. 1907లో బిపినచంద్రపాలు రాజమహేంద్రవరం వచ్చి ఉపన్యసించిన తరువాత వంగదేశమంటే తెలుగువారికి ఒక ఆవేశం. వేంకటపార్వతీశ్వరకవులు, చాగంటి శేషయ్యగారు మొదలైనవారు వంగనవలలను తెలుగులోకి దించినారు. పిమ్మట శరత్తు వచ్చినాడు. చక్రపాణి అనే కలంపేరుతో ప్రసిద్ధులైన ఆలూరి వెంకటసుబ్బారావుగారు క్షయవ్యాధికి చికిత్స పొందుతూ మదనపల్లె ఆరోగ్యవరంలో వంగభాష నేర్చుకొన్నారు. మంచం మీద నేర్చిన ఆ భాష తెలుగు పాఠకలోకాన్ని రెండు తరాలపాటు శాసించినది. బొందలపాటి శివరామకృష్ణగారు, మద్దిపట్ల సూరిగారు ఆ బాటను వెడల్పు చేసినారు. చదువురాని వారికి చలనచిత్రాలు అందించినవి: 1953లో దేవదాసు, 1957లో ‘నిష్కృతి’ ఆధారంగా తోడికోడళ్ళు, 1961లో ‘బడదీదీ’ ఆధారంగా బాటసారి, అదే సంవత్సరం ‘దత్తా’ ఆధారంగా వాగ్దానం. కొమ్మూరి వేణుగోపాలరావుగారిని ‘ఆంధ్ర శరత్తు’ అని పిలుచుకొనేంతగా ఆ పేరు మన ఇంటిపేరైపోయినది. ఇంటిపేరైన తరువాత ఎవరూ అర్థం అడగరు.

ఒకే ఒక్క మాట తీసుకొందాము. పార్వతి దేవదాసును ‘దేవదా’ అని పిలుస్తుంది. చలనచిత్రం పుణ్యమా అని ఆ పిలుపు తెలుగునాట వినని చెవి లేదు. ఆ చివరనున్న ‘దా’ ఏమిటని ప్రశ్నించిన చెవి మాత్రం అరుదు. ముద్దుపేరనో, దాసు అనే పదానికి సంక్షేపమనో సరిపెట్టుకొన్నవారే ఎక్కువ. అది ‘దాదా’కు హ్రస్వరూపం. దాదా అనగా అన్న. వంగీయుల ఇండ్లలో తనకంటె పెద్దవాడైన ఏ బాలుడైనా దాదాయే. పక్కయింటివాడూ దాదాయే, తోడబుట్టినవాడూ దాదాయే, మేనమామ కొడుకూ మేనత్త కొడుకూ దాదాలే. బాల్యంలో నోటికి అలవాటైన ఆ పిలుపు యౌవనంలోనూ మారదు. మారేది దానిలోని అర్థం. అక్షరం అదే, లోపల నిప్పు రాజుకొంటుంది. ‘పరిణీత’లో లలిత శేఖరుణ్ణి ‘శేఖర్‌దా’ అనే పిలుస్తుంది. ఆ పిలుపుతోనే అతని సొరుగులోని డబ్బు అడగకుండా తీసుకొంటుంది, ఆ పిలుపును మార్చకుండానే ఒక రాత్రి అతని మెడలో పూలమాల వేస్తుంది. ‘బడదీదీ’ పేరే ‘పెద్దక్క’. ఆ ఇంట్లో చిన్నపిల్లకు చదువు చెప్పటానికి వచ్చిన సురేంద్రనాథుడు ముఖమైనా చూడని మాధవిని ఆ పిల్ల నోటి పిలుపుతోనే ఎరిగినాడు. తన ఆరాధనను కూడ ఆ పిలుపులోనే దాచుకొన్నాడు.

ఇప్పుడు తెలుగు అనువాదకుని సంకటం చూడండి. మన భాషలో బంధువాచకాలే పెండ్లికి యోగ్యులను, అయోగ్యులను వేరుచేసి పెట్టినవి. అన్న ఒకడు, బావ మరొకడు. చెల్లెలు ఒకతె, మరదలు మరొకతె. పరాయి పిల్లవాణ్ణి ‘అన్నయ్యా’ అని పిలవటమంటే మన ఆడపిల్లకు ఆ వైపు తలుపు గడియ వేయటం. పార్వతి చేత ‘దేవదాసన్నయ్యా’ అనిపిస్తే తెలుగు పాఠకుడు చెవులు మూసుకొంటాడు. పోనీ ‘బావా’ అనిపిస్తే ఇక కథే లేదు, మేనరికం కుదిర్చి పప్పన్నం పెట్టటమే మిగులుతుంది. మేనమామ కూతురిని, మేనత్త కూతురిని వివాహమాడటం దాక్షిణాత్యుల ఆచారమని బోధాయనుడే చెప్పినాడు. మాధవాచార్యులు పరాశరమాధవీయంలో మాతుల కన్యా పరిణయాన్ని సమర్థించినారు. వంగీయులకు ప్రమాణమైన రఘునందన భట్టాచార్యుని ఉద్వాహతత్త్వం ఆ దారి మూసివేసినది. ఈ స్మృతిభేదమే ఒక చిన్న ‘దా’లో ఇమిడి ఉన్నది. దానిని అనువదింపక యథాతథంగా ఉంచటం మెలకువ గల పని. తప్పు అనువాదకునిది కాదు. ఆ చిన్న అక్షరం మీద ఒక్క పాదసూచికైనా కోరని మనది.

ధర్మశాస్త్రం మాట వచ్చినది గనుక మరొక సంగతి. విజ్ఞానేశ్వరుని మితాక్షర ప్రకారం పూర్వార్జితంలో కొడుకుకు పుట్టుకతోనే హక్కు. మన దేశంలో ఇదే చెల్లినది. జీమూతవాహనుని దాయభాగం ప్రకారం తండ్రి జీవించి ఉండగా కొడుకుకు హక్కు లేదు, తండ్రి పోయిన తరువాతనే అతని పాలు. వంగదేశంలో చెల్లినది ఇది. శరత్తు కథలన్నీ 1956 నాటి హిందూ వారసత్వ చట్టానికి ఎంతో ముందువి. దేవదాసు నవల అచ్చయినది 1917లో. తెలుగు పాఠకుడు దేవదాసు మీద విసుగుకొని, ‘తండ్రిని ఎదిరించి తన వాటా పంచుకొని ఆ పిల్లను పెండ్లాడరాదా?’ అంటాడు. ఆ ప్రశ్న మితాక్షర అడిగించే ప్రశ్న. నారాయణ ముఖర్జీ బ్రతికి ఉన్నన్నాళ్లు ఆ కొడుకుకు చిల్లిగవ్వ అడిగే హక్కు లేదు. తండ్రి గతించిన పిమ్మటనే అన్నదమ్ముల పంపకం, దేవదాసు చేతిలో సొమ్ము, ఆ సొమ్ముతో సర్వనాశనం. అతని పిరికితనానికంతకూ దాయభాగమే కారణమని నేననను. కాని ఈ సంగతి తెలిసి చదివితే ఆ పిరికితనం మరొక తీరుగా కనిపిస్తుంది. అట్లే భర్తను కోల్పోయిన మాధవి అత్తవారి గ్రామానికి వెళ్ళి అక్కడి ఆస్తిని చూచుకొనటం. పుత్రహీన అయిన వితంతువుకు భర్త పాలు సంక్రమింపజేసినది దాయభాగం. అవిభక్త కుటుంబంలో ఆనాటి మన వితంతువుకు దక్కినది అన్నవస్త్రాలు మాత్రమే. ఇంకొకటి: పార్వతి పుట్టింట కన్యకు సొమ్ము పుచ్చుకొనే ఆచారం ఉన్నదనేది ముఖర్జీల అభ్యంతరాలలో ఒకటి. కన్యాశుల్కం నాటకాన్ని కంఠస్థం చేసిన జాతి ఈ వాక్యం దగ్గర ఆగకుండా సాగిపోవటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

తెలియని మాటల సంగతి ఇట్లుండగా, తెలిసినట్లు కనిపించే మాటలు మరింత ప్రమాదకరం. వంగంలోనూ తెలుగులోనూ తత్సమాలు సమృద్ధి. అందువలన వంగం సగం మన భాషే అనే భ్రమ సంస్కృతజ్ఞులకే ముందు కలుగుతుంది. వారి ‘ఉపన్యాసం’ మన నవల, మన ఉపన్యాసం వారి వక్తృత. వారి ‘సంవాదం’ వార్త. వారి ‘రాగం’ కోపం. ఇవి పెద్ద చిక్కులు కావు, నిఘంటువు తీర్చగలదు. నిఘంటువు తీర్చలేనిది ‘అభిమానం’.

సాంఖ్యులకు అభిమానం అహంకారానికి లక్షణం. కావ్యభాషలో అది గర్వం, పౌరుషం. తెలుగులో ఆదరం, ఆత్మగౌరవం. నేటి తెలుగులో అయితే అభిమాని అనగా నటుని నిలువెత్తు బొమ్మకు పాలాభిషేకం చేసేవాడు. వంగంలో ఈ నాలుగింటిలో ఏదీ కాదు. నేను నివసించే కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ ప్రాంతంలో మాదాపూరు, గచ్చిబౌలి కంప్యూటరు సంస్థలలో ఉద్యోగాలు చేసే వంగీయ కుటుంబాలు కొన్ని కాపురముంటున్నవి. మా పై అంతస్తులోని ఒక ఇల్లాలు నన్ను ‘జేఠు’ అని పిలుస్తుంది, మన పెదనాన్న. ఈ మాట గురించి ఆమెను అడిగినాను. వచ్చీరాని తెలుగులో కొంత, హిందీలో కొంతగా ఆమె చెప్పినది ఇది: ‘కోపం ఎవరి మీదనైనా వస్తుంది జేఠు. అభిమానం మనవాళ్ళ మీదనే వస్తుంది. ఎందుకు అని అడిగితే చెప్పకూడదు. వాళ్ళే తెలుసుకోవాలి.’ లక్షణగ్రంథాలు చదివిన నాకు ఇంతకన్న నిర్దుష్టమైన లక్షణం తోచలేదు.

‘బిందూర్ ఛేలే’ కథ అంతా ఈ భావం మీదనే నడుస్తుంది. తోడికోడళ్ళు అన్నపూర్ణ, బిందు. అన్నపూర్ణ కన్న బిడ్డ అమూల్యుణ్ణి బిందు పెంచుతుంది. వాడు పెంచినామెను అమ్మ అంటాడు, కన్నతల్లిని అక్క అంటాడు. ఆ ఇద్దరి మధ్య వచ్చే కలహాలలో ద్వేషం లేశమైనా లేదు. ఒక మాట పడటం, దానిని మనసులో పెట్టుకొనటం, అన్నం మానటం, బ్రతిమాలించుకొనటానికి కూడ ఇచ్చగించకపోవటం, చివరకు ప్రాణం మీదికి తెచ్చుకొనటం. ఇక్కడ ‘బిందుకు అభిమానం కలిగినది’ అని తెలుగులో వ్రాస్తే అర్థం తలక్రిందవుతుంది. ‘కోపం వచ్చినది’ అంటే సగం పోతుంది. మనకు దగ్గరి మాట ఒకటి ఉన్నది, ‘అలక’. నంది తిమ్మన సత్యభామ మొదలు పెండ్లిలోని అలకపాన్పు వరకు మన సొత్తు. అయితే అలకకు ప్రేక్షకులు కావాలి. అలిగినవారు బుజ్జగింపు కోసం ఎదురుచూస్తారు, బుజ్జగింపుతో ముగుస్తుంది, చూచేవారికి కొంత వినోదం కూడ. వంగీయుల అభిమానం దాగి ఉంటుంది, బయటపడితే సిగ్గుపడుతుంది. అలక, నొచ్చుకొనటం, చిన్నబుచ్చుకొనటం – ఈ మూడింటినీ సందర్భాన్ని బట్టి వాడుకొనవలసినదే. సంస్కృతం చదివినవాడను అయియుండి కూడ ఇక్కడ దేశ్యపదాలకే నా ఓటు. తత్సమం చూడగానే చేయి దానిమీదికి పోవటం పండితుల వ్యసనం.

ఈ భావానికి మూలం ఎక్కడిది? దశరూపకకారుడు విప్రలంభంలో మానాన్ని ప్రణయమానమని, ఈర్ష్యామానమని విభజించినాడు. అది నాయికానాయకులకు పరిమితం. రూపగోస్వామి ఉజ్జ్వలనీలమణిలో మానాన్ని ప్రేమ పరిపాకంలో ఒక దశగా, స్నేహానికి పైమెట్టుగా నిలిపినాడు. అనగా కోపం ప్రేమకు లోపం కాదు, దాని పెంపు. కీర్తనలలో పాడి పాడి ఆ భావాన్ని వంగీయులు తల్లీబిడ్డలకు, తోడికోడళ్ళకు, వదినామరుదులకు కూడ పంచిపెట్టినారని నా ఊహ. పరిశోధకులు దీనిని పరీక్షింపవచ్చు. ఆ భక్తిసంప్రదాయానికి ప్రాణభూతమైన చైతన్య రామానందరాయల సంవాదం మన గోదావరి ఒడ్డున జరిగినదని కృష్ణదాస కవిరాజు చైతన్యచరితామృతంలో వర్ణించినాడు. ఈ ముడి విప్పటానికి తెలుగు పండితునికి ఉన్నంత హక్కు మరెవరికున్నది?

ఇక్కడ ఒక ఆక్షేపం రాగలదు. ‘మన సిద్ధాంతంలో సాధారణీకరణం ఉన్నది కదా. విభావాదులు దేశకాల వ్యక్తి విశేషాలను విడిచి భాసించినప్పుడే రసం. పార్వతి పార్వతిగా తోచనక్కరలేదు, ఆమె వంగీయతతో పని ఏమి?’ అని. ఇది బలమైన మాటే. కాని సాధారణీకరణం విశేషాన్ని గ్రహించిన పిమ్మట జరిగే వ్యాపారం, గ్రహింపక ముందు కాదు. సీత రాముని భార్య అని, ఆమె అడవిలో ఉన్నదని తెలియనివానికి సీతాత్వం విడిపోవటానికి ముందసలు కలగనే లేదు. సీత స్థానంలో తన ఇల్లాలిని కూర్చోబెట్టుకొని కన్నీరు కార్చటం సాధారణీకరణం కాదు. అభినవగుప్తపాదులు లెక్కించిన ఏడు రసవిఘ్నాలలో దానికొక స్థానమున్నది. తనదనో పరునిదనో నియమించుకొని దేశకాలవిశేషంలో చిక్కుకొనటం రెండవ విఘ్నం. ప్రతీతికి కావలసిన ఉపాయాలు లోపించటం నాలుగవ విఘ్నం, ప్రతీత్యుపాయవైకల్యం. ‘ఇది మన ఇంటి కథే’ అన్న ప్రశంసలో ఈ రెండూ కలిసి ఉన్నవి. ఉపాయం లేనిచోట మన ఇంటి సామాను తెచ్చి నింపుకొన్నాము. నిండినది గనుక లోటు తెలియలేదు.

భాషాశైలి విషయం సంగ్రహంగా చెప్పి ముగిస్తాను. దేవదాసు మొదలైన రచనలలో కథనం సాధుభాషలో, సంభాషణ వాడుకలో నడుస్తుంది. రచయిత గొంతు ఒక మెట్టు పైన, పాత్రల గొంతు నేల మీద. గ్రాంథిక వ్యావహారిక వివాదంలో రెండు పక్షాలుగా చీలిన మనకు ఒకే పుటలో ఆ రెంటి కాపురం చూచే అవకాశం ఉండెను. తెలుగు చేతలలో అంతా ఒకే వాడుకగా ప్రవహించినది. చదువరికి హాయి కలిగినది, మెట్టు పోయినది.

అన్ని అనువాదాలనూ ఒకే గాటకు కట్టటం న్యాయం కాదు. విభూతిభూషణుని ‘ఆరణ్యక్’ను సూరంపూడి సీతారామ్‌గారు ‘వనవాసి’గా తెలిగించినారు. దానిని చదివి ఎవరూ ‘మా ఊరి కథే’ అనలేదు. అనలేరు, ఏలననగా అందులో కథకుడైన సత్యచరణుడే ఆ బీహారు అడవికి పరాయివాడు. అతనితోపాటు పాఠకుడు కూడ చెట్ల పేర్లు, మనుషుల పేర్లు ఒక్కొక్కటే నేర్చుకొంటూ పోతాడు. పరాయితనం ఆ నవలలో రసానికి అడ్డు రాలేదు సరికదా, అదే మార్గమైనది. శరత్తును కూడ ఈ వినయంతో చదవగలిగితే చాలు.

ఇక కర్తవ్యం. చక్రపాణిగారి తరం మూలం నుండి తెచ్చినది. ఇప్పుడు ఆంగ్లం మీదుగా వచ్చే వంగకథలలో ఏమి జరుగునో ఊహింపవచ్చు. వంగంలో బౌది వేరు, నొనొద్ వేరు, జా వేరు, శాలి వేరు. తెలుగులో వదిన, ఆడపడుచు, తోడికోడలు, భార్య చెల్లెలైన మరదలు వేరువేరు. ఈ రెండు సంపన్న భాషల నడుమ ఆంగ్లాన్ని నిలబెట్టగానే నలుగురూ ‘సిస్టర్ ఇన్ లా’ అనే ఒక్క ముసుగులో దూరుతారు. ఇవతలి ఒడ్డున అనువాదకుడు ముసుగు ఎత్తి చూడలేక ఊహించి వ్రాస్తాడు. ‘వంగప్రభావం’ అనే పేరుతో వచ్చే సిద్ధాంతవ్యాసాలు తెలుగు అనువాదాన్ని తెలుగు నవలతో పోల్చి తృప్తిపడుతున్నవి. అది తెలుగును తెలుగుతో పోల్చటమే. కనీసం ఒక మూలగ్రంథమైనా వంగలిపిలో చదివిన దాఖలా లేనిదే అట్టి వ్యాసాన్ని స్వీకరింపరాదని పరీక్షకులు నియమం పెట్టుకొనటం అవసరం.

ఈ పని ఎవరికి సుకరం? ప్రాచ్యకళాశాలలవారికే. భాషాప్రవీణ తరగతులకు విద్యార్థులు తగ్గుతున్నారని, మన చదువు దేనికి పనికివస్తుందని అడిగేవారు పెరిగినారని అందరమూ వాపోతున్నాము. సంస్కృతాంధ్రాలు రెండూ వచ్చిన విద్యార్థికి వంగం ఆరునెలల పని. వర్ణక్రమం మనదే. వకార బకారాలకు ఒకే అక్షరమని, అకారాన్ని తరచు ఓకారచ్ఛాయతో పలుకుతారని తెలిస్తే సగం తడబాటు తీరుతుంది. పాఠ్యక్రమం కూడ సిద్ధంగానే ఉన్నది. కలకత్తా సంస్కృత కళాశాలకు అధ్యక్షుడైన ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు వ్రాసిన వర్ణపరిచయం (1855) మొదట. ఉత్తరరామచరితాన్ని ఆశ్రయించిన అతని ‘సీతార్ వనవాస్’ (1860) తరువాత. అందులోని పదజాలం మన విద్యార్థికి కొట్టినపిండి. ఆధునిక వంగగద్యానికి పునాది వేసినది మనవంటి పాఠశాల పండితుడే అన్న సంగతి కూడ వారికి అప్పుడు తెలుస్తుంది. ఆపైన శరత్తు. తెలుగుకు 2008లో, వంగానికి 2024లో ప్రాచీనభాషా ప్రతిపత్తి లభించినది. ఆ పేరుతో జరిగే సదస్సులలో దండలకయ్యే ఖర్చులో కొంత ఇట్టి తరగతికి మళ్ళించినా చాలు. ఉపాధ్యాయులు దొరకరనే మాట హైదరాబాదులో చెల్లదు. కూకట్‌పల్లి, మియాపూరు ప్రాంతాలలో ఏ నాలుగంతస్తుల భవనంలో వెదకినా ఒక వంగీయ కుటుంబం ఉండకపోదు, వారు తమ భాష అడిగినవారిని కాదనరు.

మా భవనంలో ఆదివారాలు ముగ్గురము కూర్చొని చదువుతున్నాము: విశ్రాంత ఉపాధ్యాయుడొకరు, పరిశోధన చేస్తున్న యువకుడొకడు, నేను. పై అంతస్తు ఇల్లాలు వీలైనప్పుడు వచ్చి ఉచ్చారణ దిద్దుతుంది. ‘బిందు’ కథలో అమూల్యుణ్ణి పాఠశాలకు పంపే ఘట్టానికి చేరినాము. ‘అభిమానం’ కనబడిన ప్రతిచోట అంచున గీత గీసి, దానికి తగిన తెలుగుమాట పక్కన వ్రాస్తున్నాము. ఇంతవరకు ఏ రెండు చోట్లా ఒకే మాట కుదరలేదు. ఆ పట్టిక పూర్తి అయిన పిమ్మట ఈ పత్రికకే పంపుతాము.